నాలుగు సూత్రాల కాగితం: కౌమార విద్యార్థులకు చదవడం నేర్పే పరిశోధనలను వడబోసే నిపుణుల మాటను ఎలా అర్థం చేసుకోవాలి?

సోషల్_మాస్టారు
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధిస్తాను. గత నెల ఒక శిక్షణ తరగతిలో మా అందరికీ ఒక కాగితం ఇచ్చారు. ఉన్నత తరగతుల పిల్లలకు చదవడం నేర్పడంలో పరిశోధనలు నిరూపించిన సూత్రాలంటూ అందులో నాలుగు అంశాలు ఉన్నాయి. పదజాలాన్ని ప్రత్యేకంగా బోధించడం, పాఠాన్ని అర్థం చేసుకునే ఉపాయాలను విడమరచి నేర్పడం, చదివినదాని మీద సావకాశంగా చర్చ జరిపించడం, పిల్లల్లో ఆసక్తిని పెంచడం అనేవి ఆ నాలుగు. మొదటి రెండింటి పక్కన "బలమైన ఆధారం" అనీ, తరువాతి రెండింటి పక్కన "మధ్యస్థ ఆధారం" అనీ అచ్చు వేశారు. అమెరికాలో ఒక నిపుణుల సంఘం ఎన్నో పరిశోధనలను వడబోసి దీన్ని తేల్చిందని చెప్పారు.

మా ఎనిమిదో తరగతిలో 41 మంది ఉన్నారు. వారిలో 12 మంది పాఠ్యపుస్తకంలోని ఒక పేరాను తడబడకుండా చదవలేరు. "బలమైన ఆధారం" ఉంది కదా అని నాలుగు వారాల పాటు రెండో సూత్రాన్ని నిష్ఠగా పాటించాను. శీర్షిక చూసి పాఠంలో ఏముంటుందో ఊహించమన్నాను, పేరా చదివి సారాంశం చెప్పమన్నాను. ఊహించడం చక్కగా ఊహించారు, చదవడమే చదవలేదు.

నా సందేహాలు మూడు. ఈ నిపుణులు ఎవరు? "బలమైన" అనే మాటను ఏ కొలతతో నిర్ణయిస్తారు? ఇరవై ఏళ్ల అనుభవంలో నాకు అన్నింటికన్నా ముఖ్యమని తోచిన ఆసక్తికి "మధ్యస్థ" మార్కులే ఎందుకు వేశారు?

పాత_పలక
ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇలాంటి కాగితాలు మా ఇంటి బీరువాలో రెండు అరల నిండా ఉన్నాయి. కొన్నేళ్లకొక సంఘం వస్తుంది, పాత సూత్రాలకు కొత్త పేర్లు పెడుతుంది, ఆ తరువాత కాగితం రంగు మారుతుంది. నలభై మంది పిల్లల ముందు వారం రోజులు నిలబడని వారి మాటను నేను మర్యాదగా విని, మర్యాదగా పక్కన పెడతాను.

వాన_చినుకు
బీరువాలో పెట్టారంటే పక్కన పెట్టినట్టు కాదండీ, భద్రపరిచినట్టు.

లెక్కల_పిచ్చి
ప్రజారోగ్య రంగంలో ఇలాంటి సమీక్షలకు గణాంకాలు చూస్తుంటాను కాబట్టి రెండో సందేహానికి జవాబు చెబుతాను. "బలమైన ఆధారం" అన్నప్పుడు ఆ పద్ధతి పిల్లల్లో ఎంత మార్పు తెస్తుందో చెప్పడం లేదు. అది పనిచేస్తుందని చెప్పే సాక్ష్యం ఎంత గట్టిదో మాత్రమే చెబుతున్నారు. చాలా చిన్న మేలు చేసే పద్ధతికి కూడా పది చక్కటి ప్రయోగాలు తోడుంటే ఆధారం బలమైనదే అవుతుంది. పెద్ద మేలు చేసే పద్ధతి మీద మంచి ప్రయోగాలు జరగకపోతే దానికి మధ్యస్థమే మిగులుతుంది.

ఆసక్తి విషయంలో జరిగింది రెండోది. పదజాల బోధనను ఒక తరగతికి ఇచ్చి మరో తరగతికి ఇవ్వకుండా పోల్చవచ్చు. "ఆసక్తి"ని మాత్రమే విడదీసి, మిగతా బోధన అంతా సమానంగా ఉంచి పోల్చడం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. కాబట్టి ఆ "మధ్యస్థ" అన్న ముద్రను మీ ఇరవై ఏళ్ల అనుభవం మీద తీర్పుగా తీసుకోనక్కర లేదు.

వడపోత ఎలా జరుగుతుందంటే, ముందుగా పిల్లలను రెండు గుంపులుగా ఎలా విడదీశారో చూస్తారు. చీటీలు తీసినట్టుగా విడదీసి, మధ్యలో అధ్యయనం నుంచి తప్పుకున్నవారి సంఖ్య అదుపులో ఉంటే ఆ అధ్యయనానికి పూర్తి మన్నన దక్కుతుంది. అలా కాకుండా ఉన్న తరగతులనే పోల్చి ఉంటే, మొదటి రోజున రెండు గుంపులూ సమానంగా ఉన్నాయో లేదో చూస్తారు. ఆ తేడా ప్రామాణిక విచలనంలో (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 0.25 దాటితే అధ్యయనాన్ని తీసి పక్కన పెడతారు. 0.05కూ 0.25కూ నడుమ ఉంటే లెక్కల్లో సర్దుబాటు చేసి ఉండాలి. బడిలో అద్భుతాలు జరిగాయని చెప్పే పరిశోధనల్లో చాలా వరకు ఈ గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

ఆస్టిన్_సుధ
టెక్సస్‌లో ఒక మిడిల్ స్కూల్‌లో చదవడంలో వెనుకబడిన పిల్లలకు పాఠాలు చెబుతాను. మాస్టారి కాగితం ఎక్కడిదో చూడగానే గుర్తుపట్టాను, ఎందుకంటే దాని మూలం మా గదిలోనే ఉంది. అమెరికా విద్యాశాఖలో 2002 నాటి చట్టంతో ఏర్పడిన ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్ సైన్సెస్ అనే సంస్థ ఉంది. దాని కింద నడిచిన వాట్ వర్క్స్ క్లియరింగ్‌హౌస్ అనే విభాగం 2008 ఆగస్టులో నాలుగు నుంచి పన్నెండో తరగతి వరకు చదువుకునే పిల్లల పఠనం గురించి ఒక మార్గదర్శిని ప్రచురించింది. దాన్ని రాసిన నిపుణుల ప్యానెల్‌కు అధ్యక్షుడు మైఖేల్ కామిల్. ఫ్లోరిడాలో చదవలేని పిల్లల మీద దీర్ఘకాలం పనిచేసిన జోసెఫ్ టోర్గెసెన్ కూడా సభ్యుడు.

అయితే మాస్టారూ, ఆ మార్గదర్శినిలో సిఫారసులు నాలుగు కావు, ఐదు. చదవడంలో బాగా వెనుకబడిన పిల్లలకు శిక్షణ పొందిన నిపుణుల చేత విడిగా, తీవ్రంగా, ఒక్కొక్కరి అవసరానికి తగినట్టు బోధింపజేయాలని ఐదోది చెబుతుంది. దానికీ "బలమైన ఆధారం" అనే ముద్రే ఉంది. మీ 12 మంది గురించి రాసిన సిఫారసు అదే.

సోషల్_మాస్టారు
కాగితాన్ని మళ్లీ తీసి రెండు వైపులా చూశాను. నాలుగే ఉన్నాయి. వెనుక వైపు భోజన విరామ సమయం అచ్చు వేశారు.

పాత_పలక
చూశారా! ఖర్చు లేని నాలుగూ వచ్చాయి, జీతం ఇవ్వవలసిన ఐదోది దారిలో జారిపోయింది. ఈ ఒక్కసారికి తప్పు అమెరికా నిపుణులది కాదని ఒప్పుకుంటాను.

గుణింతం
జారవిడిచిన వారి పక్షాన కూడా ఒక మాట చెప్పాలి. "చదవడం నేర్పే నిపుణుడు" అనే ఉద్యోగమే మన ఉన్నత పాఠశాలల్లో లేదు. లేని మనిషి గురించిన సిఫారసును కాగితంలో పెడితే ఎవరికి ఉపయోగమని అనుకుని ఉండవచ్చు. కానీ దాన్ని తీసివేయడంతో మిగిలిన నాలుగింటి అర్థం కూడా మారిపోయింది. మూలంలో మొదటి నాలుగు సిఫారసులూ మొత్తం తరగతికి ఉద్దేశించినవి, ఐదోది ఆ నాలుగూ అందని పిల్లలకు. మన కాగితంలో నాలుగూ అందరికీ అన్నట్టు తయారయింది.

ఆస్టిన్_సుధ
గుణింతం గారు చెప్పింది సరిగ్గా మూలంలోని ఉద్దేశమే. దీనికి కొనసాగింపు కూడా ఉంది. 2022 మార్చిలో షారన్ వాన్ అధ్యక్షతన మరో ప్యానెల్ నాలుగు నుంచి తొమ్మిదో తరగతి వరకు వెనుకబడిన పిల్లల కోసమే వేరుగా మార్గదర్శిని తెచ్చింది. బహుళాక్షర పదాలను విడదీసి చదివే నైపుణ్యం పెంచడమే అందులో మొట్టమొదటి సిఫారసు. ధారాళంగా చదివేందుకు ప్రయోజనంతో కూడిన అభ్యాసాలు చేయించడం రెండోది, అర్థగ్రహణ పద్ధతులను నిత్యం వాడడం మూడోది. ఈ మూడింటికీ బలమైన ఆధారం ఉందన్నారు. పిల్లల స్థాయి కన్నా కాస్త కష్టమైన పాఠాన్ని అప్పుడప్పుడు టీచరు తోడుండి చదివించాలనే నాలుగోదానికి మధ్యస్థం ఇచ్చారు.

ఇందులో నాకు నచ్చింది ఏమిటంటే, పెద్ద తరగతికి వచ్చిన పిల్లవాడికి కూడా అక్షరాలు కూడబలుక్కోవడం దగ్గర సమస్య ఉండవచ్చని ఒప్పుకోవడం. ఆరో తరగతి దాటితే ఇక అర్థగ్రహణమే నేర్పాలి, చదవడం చిన్న తరగతుల పని అనే నమ్మకం ఇక్కడ కూడా చాలా కాలం ఉండేది.

సంధి_సమాసం
తెలుగు పండితుణ్ణి. మా దగ్గర ఆ నమ్మకం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. ఎనిమిదో తరగతి వాడికి వత్తులు దిద్దిస్తే తల్లిదండ్రులు నామోషీగా భావిస్తారు, పిల్లవాడు మరింత సిగ్గుపడతాడు.

పాత_పలక
ఒక విషయం తేలలేదు. ఈ సంఘాల్లో కూర్చునేవారు తామే పరిశోధనలు చేసినవారు, తమ పద్ధతులకు పుస్తకాలు రాసినవారు. వాళ్లే వడబోసి వాళ్లే మార్కులు వేసుకుంటే, అల్లుడి వంటకు అత్తగారు తీర్పు చెప్పినట్టు కాదా? ఒకే పేర్లు ప్రతి సంఘంలోనూ కనిపిస్తాయని కూడా విన్నాను.

ఆస్టిన్_సుధ
ఒకే పేర్లు కనిపిస్తాయన్నది నిజమే. కామిల్ అంతకు ముందు నేషనల్ రీడింగ్ ప్యానెల్‌లో కూడా సభ్యుడు. అయితే అధ్యయనాలకు మార్కులు వేసేది ప్యానెల్ సభ్యులు కారు, అందుకు శిక్షణ పొంది ధ్రువీకరణ తీసుకున్న వేరే సమీక్షకులు. సభ్యుల సొంత ప్రయోజనాలేమైనా ఉంటే మార్గదర్శిని చివర అనుబంధంలో ప్రకటిస్తారు. దీనితో అనుమానం మొత్తం తీరిపోతుందని అనను. ఏ ప్రశ్న అడగాలో, ఏ సిఫారసును ఏ మాటల్లో రాయాలో నిర్ణయించేది ప్యానెలే కదా.

గుణింతం
పాత_పలక గారి అనుమానానికి చరిత్రలో ఒక మంచి ఉదాహరణ ఉంది. సుధ గారు ప్రస్తావించిన నేషనల్ రీడింగ్ ప్యానెల్‌ను 1997లో అమెరికా కాంగ్రెస్ కోరగా ఏర్పాటు చేశారు, 2000లో నివేదిక వచ్చింది. 14 మంది సభ్యుల్లో జోఆన్ యాట్విన్ అనే పాఠశాల ప్రిన్సిపల్ విడిగా భిన్నాభిప్రాయం రాసి నివేదికకు జత చేయించారు. చిన్నపిల్లలకు చదవడం నేర్పే టీచరు ఒక్కరైనా ప్యానెల్‌లో లేరన్నది ఆమె అభ్యంతరాల్లో ఒకటి. వడపోతకు ఎంచుకున్న అంశాలు చాలా తక్కువన్నది మరొకటి.

ఆ నివేదిక ప్రచారంలోకి వచ్చాక ఏమైందో కూడా చూడాలి. లక్ష అధ్యయనాలను ప్యానెల్ సమీక్షించిందనే మాట ఊరూరా తిరిగింది. నిజానికి లక్ష అనేది 1966 తరువాత చదవడం మీద ప్రచురితమైన అధ్యయనాల అంచనా. వడపోత తరువాత ఫోనిక్స్ (అక్షరాలకూ ధ్వనులకూ ఉన్న సంబంధంతో చదవడం నేర్పే పద్ధతి) విశ్లేషణకు చివరికి మిగిలినవి 38 మాత్రమే.

పాత_పలక
లక్షలో 38! మా ఊరి పెళ్లిభోజనాల్లో కూడా పప్పు ఇంత తక్కువగా మిగల్లేదు. నా మాటే గెలిచింది.

లెక్కల_పిచ్చి
గెలవలేదండీ. వడపోత గట్టిగా ఉంటే 38 మిగలడం సిగ్గుపడవలసిన సంగతి కాదు, వడపోత లేకుండా లక్ష చదివామని చెప్పుకోవడమే సిగ్గుపడవలసింది. నా ఆక్షేపణ మరో చోట ఉంది. పిల్లలను ఊరికే మౌనంగా చదువుకోనివ్వడం వల్ల ధారాళత పెరుగుతుందా అన్న ప్రశ్నకు ఆ ప్యానెల్ తగిన ఆధారం దొరకలేదని చెప్పింది. బయట ఎంతో మంది దాన్ని "మౌన పఠనం పనికిరాదని నిపుణులు తేల్చారు" అని చదువుకున్నారు. ఆధారం దొరకలేదనడం వేరు, పనికిరాదని ఆధారం దొరికిందనడం వేరు. వైద్యంలో ఈ రెండింటినీ కలిపేస్తే మనుషులు పోతారు. బళ్లలో ఈ తేడా ఎవరికీ పట్టినట్టు లేదు.

వాన_చినుకు
మా అబ్బాయి ఇంగ్లిష్ మీడియంలో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. వార్తలు చదివేవాళ్లలా గడగడ చదువుతాడు. ఏం చదివావని అడిగితే పేజీ నంబరు చెబుతాడు. మాస్టారి పిల్లలకు చదవడం రాదు, మా వాడికి చదివినది రాదు. ఇద్దరికీ ఒకే కాగితం ఎలా పనికొస్తుంది?

లెక్కల_పిచ్చి
వాన_చినుకు గారి ప్రశ్న పరిశోధకులను కూడా వేధించినదే. 2019లో వాంగ్, సబాటినీ, ఓరైలీ, వీక్స్ అనే పరిశోధకులు ఐదు నుంచి పదో తరగతి వరకు పదివేల మందికి పైగా పిల్లల ఫలితాలను చూశారు. పదాలను చదివే నైపుణ్యం ఒక స్థాయికి దిగువన ఉన్న పిల్లల్లో ఆ నైపుణ్యానికీ అర్థగ్రహణానికీ సంబంధమే కనిపించలేదు. ఆ స్థాయి దాటిన తరువాతే రెండూ కలిసి పెరిగాయి. అంటే గుమ్మానికి అవతల ఉన్న పిల్లవాడికి ఇంటి లోపల ఎలా కూర్చోవాలో నేర్పి ప్రయోజనం లేదు. మాస్టారి 12 మందిలో కొందరు గుమ్మం అవతల ఉండవచ్చు. మీ అబ్బాయి లోపలికి వచ్చి, అక్కడే దిక్కులు చూస్తున్నాడు.

వాన_చినుకు
దిక్కులు చూస్తున్నాడన్నది పరిశోధనతో పని లేకుండానే మా ఇంట్లో రుజువైంది.

సోషల్_మాస్టారు
నా రెండో సందేహంలో ఒక భాగం మిగిలిపోయింది. ఆధారం గట్టిది అనుకుందాం. మేలు ఎంత ఉంటుందని ఈ సమీక్షలు చెబుతున్నాయి? నా పిల్లలు సంవత్సరంలో తరగతి స్థాయికి వస్తారని ఆశ పెట్టుకోవచ్చా?

లెక్కల_పిచ్చి
ఇది నిరుత్సాహపరిచే జవాబు, అయినా చెప్పాలి. నాన్సీ స్కమాకా, ఆమె సహచరులు పెద్ద తరగతుల్లో వెనుకబడిన పాఠకుల మీద జరిగిన ప్రయోగాలను 2007లో ఒకసారి కూడిక వేశారు. సగటు ప్రభావం 0.95 ప్రామాణిక విచలనాలని తేలింది. వంద మందిలో కింది నుంచి యాభయ్యో స్థానంలో ఉన్నవాడు ఎనభై దాటడమంటే మాటలు కాదు కాబట్టి అందరూ పండగ చేసుకున్నారు. తరువాతి ప్రయోగాలను కూడా చేర్చి, 1980 నుంచి 2011 దాకా నాలుగు నుంచి పన్నెండో తరగతి వరకు జరిగిన వాటిని 2015లో మళ్లీ కూడితే సగటు 0.49కి దిగింది. పరిశోధకులు తామే తయారు చేసుకున్న పరీక్షలను తీసివేసి, ప్రామాణిక పరీక్షల ఫలితాలను మాత్రమే చూస్తే 0.21 మిగిలింది. యాభయ్యో స్థానంలో ఉన్న విద్యార్థి సుమారు యాభై ఎనిమిదో స్థానానికి చేరినట్టన్న మాట.

ఈ తగ్గుదలలో మోసం ఏమీ లేదు. మీరు ఇరవై పదాలు నేర్పి ఆ ఇరవై పదాలనే పరీక్షిస్తే మార్కులు బాగా వస్తాయి. ఎవరో తయారు చేసిన కొత్త పేరా ఇస్తే తక్కువ వస్తాయి. సమీక్ష చేసేవారు ఏ పరీక్షను లెక్కలోకి తీసుకున్నారన్న దాన్ని బట్టి ఒకే పద్ధతి గొప్పదీ కావచ్చు, సామాన్యమైనదీ కావచ్చు. అందుకే నేను ఏ సమీక్ష చేతికి వచ్చినా ముందు "పరీక్ష ఎవరిది?" అని చూస్తాను.

ఆస్టిన్_సుధ
ఒక పెద్ద ప్రయోగాన్ని కూడా ఇక్కడ చెప్పాలి. 34 హైస్కూళ్లలో తరగతి స్థాయికి రెండు నుంచి ఐదేళ్లు వెనుకబడిన తొమ్మిదో తరగతి పిల్లలను ఎంచుకుని, ఒక ఐచ్ఛిక పాఠ్యాంశం స్థానంలో ఏడాది పాటు రోజూ చదవడం మీద ప్రత్యేక తరగతి నడిపారు. రెండు ప్రసిద్ధ పద్ధతులను వాడారు, టీచర్లకు శిక్షణ ఇచ్చారు. అర్థగ్రహణంలో వచ్చిన లాభం 0.09. సంవత్సరం ముగిసేసరికి ఆ పిల్లల్లో మూడొంతుల మందికి పైగా ఇంకా రెండేళ్లో అంతకన్నా ఎక్కువో వెనుకనే ఉన్నారు. ఈ నివేదిక చదివిన రోజు నేను ఇంటికి వెళ్లి ఉద్యోగం మారదామా అని ఆలోచించాను.

మారలేదు. ఎందుకంటే 0.09 సగటు. నా గదిలో ఆ సగటుకు అందకుండా ముందుకు దూకిన పిల్లలు ఉన్నారు, అంగుళం కదలని పిల్లలూ ఉన్నారు. ఎవరు కదులుతారో ముందే చెప్పగలిగే సమీక్ష మాత్రం ఇంతవరకు నా చేతికి రాలేదు.

పాత_పలక
సుధ గారూ, ఈ మాటతో మీరు నాకు ఆప్తులయ్యారు. సంఖ్యలు చెప్పి కూడా బడిని వదలని మనిషిని ఇన్నాళ్లకు చూశాను.

సంధి_సమాసం
అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. ఈ పరిశోధనలన్నీ ఇంగ్లిష్ చదివే పిల్లల మీద జరిగినవి. ఇంగ్లిష్‌లో రాసేది ఒకటి, పలికేది మరొకటి. మనకు రాసినట్టే పలకడం ఉంది. వారి మొదటి సిఫారసు మనకు వర్తించనే వర్తించదు. గుణింతాలు, వత్తులు వచ్చాయంటే పిల్లవాడికి చదవడం వచ్చినట్టే.

గుణింతం
పండితులవారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. నేను చదివే విషయమే ఇది కాబట్టి కాస్త ఓపిక పట్టండి.

మన లిపిలో పలుకుబడికీ రాతకూ పొంతన బాగా ఉందన్నది నిజం. కానీ నేర్చుకోవలసిన గుర్తుల సంఖ్య ఇంగ్లిష్ 26 అక్షరాలతో పోల్చరానిది. హల్లులు, గుణింతాలు, వత్తులు కలిస్తే వందల రూపాలవుతాయి. మన లిపికి తోబుట్టువైన కన్నడ లిపి మీద సోనాలి నాగ్ చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. ఒకటి నుంచి నాలుగో తరగతి వరకు పిల్లలను పరిశీలిస్తే, అక్షర జ్ఞానం మొదటి ఏడాదితో ముగిసిపోకుండా ఆ తరగతులన్నింటిలోనూ పెరుగుతూనే ఉంది. వెనుకబడిన పిల్లల్లో ఇంకా నెమ్మదిగా సాగింది. నాలుగో తరగతిలో పూర్తి కానిది ఎనిమిదో తరగతిలో దానంతటదే పూర్తవుతుందని ఎలా అనుకోగలం?

ఇక బహుళాక్షర పదాల సంగతి. ఇంగ్లిష్ పిల్లవాడికి కూడా అవి ఎదురవుతాయి. మన సాంఘిక శాస్త్ర పుస్తకంలో వాక్యానికొకటి ఉంటుంది. "నిర్ణయించుకోవలసివచ్చింది" అన్న ఒక్క మాటలో ఇంగ్లిష్ వాడు నాలుగైదు మాటల్లో చెప్పేదంతా ఉంది. మధ్యలో ఖాళీ ఉండదు, కన్ను ఎక్కడ ఆగాలో తెలియదు. కాబట్టి ఆ మొదటి సిఫారసు మనకు వర్తించదనడం కన్నా, వాళ్లకన్నా మనకే ఎక్కువ అవసరమేమో అని అనుమానించడం న్యాయం. అయితే ఇది నా అనుమానమే, తెలుగులో దీన్ని తూచి చెప్పేంత ప్రయోగాలు నాకు కనిపించలేదు.

సంధి_సమాసం
"నిర్ణయించుకోవలసివచ్చింది" అన్న మాటను మా పిల్లలు "నిర్ణయించు" దాకా చదివి, మిగతాది ఊహతో పూర్తి చేస్తారు. ఒకడు "నిర్ణయించుకున్నాడు" అంటాడు, మరొకడు "నిర్ణయించలేదు" అంటాడు. చరిత్రే తారుమారవుతుంది. ఈ మేరకు మీ వాదన ఒప్పుకుంటున్నాను. సంధి విడదీయడం వ్యాకరణ ప్రశ్నగా రెండు మార్కులకు నేర్పుతున్నామే గాని చదవడానికి పనికొచ్చే పనిముట్టుగా నేర్పడం లేదు.

లెక్కల_పిచ్చి
మన దేశంలో ప్రయోగాలు అసలు లేవని కూడా అనుకోవద్దు. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాంద్రో గనిమియన్ దిల్లీలో చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. బడి వేళల తరువాత, ప్రతి పిల్లవాడికీ తాను ఉన్న స్థాయి నుంచే పాఠం చెప్పే కంప్యూటర్ కార్యక్రమానికి లాటరీ ద్వారా ఉచిత ప్రవేశం ఇచ్చారు. నాలుగున్నర నెలల్లో లెక్కల్లో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల మేలు కనిపించింది. ప్రధానంగా ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలే. ఇది తెలుగు కాదు, కేవలం చదవడం గురించి కూడా కాదు. అయినా తరగతి పుస్తకాన్ని వదిలి పిల్లవాడున్న చోట మొదలుపెట్టారన్న సంగతి మాస్టారికి పనికొస్తుంది. 12 మంది సమస్య మీ ఒక్క తరగతిది కూడా కాదు. ఇంటింటికీ వెళ్లి పిల్లల చదువు స్థాయిని చూసే అసర్ సర్వే 2023లో 28 జిల్లాల్లో 14 నుంచి 18 ఏళ్ల వారిని చదివించి చూస్తే, సుమారు నాలుగో వంతు మంది తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి స్థాయి పాఠాన్ని ధారాళంగా చదవలేకపోయారు.

ఆస్టిన్_సుధ
అమెరికాలో అందరూ చదివేస్తున్నారని కూడా ఎవరూ అనుకోకండి. 2024 జాతీయ పఠన పరీక్షలో ఎనిమిదో తరగతి పిల్లల్లో 33 శాతం మంది కనీస స్థాయికి దిగువన ఉన్నారు.

ఇంకో సంగతి, ఇది కాస్త బాధతో రాస్తున్నాను. 2025 ఫిబ్రవరిలో ఆ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన దాదాపు 90 కోట్ల డాలర్ల ఒప్పందాలను రద్దు చేశారు. ఈ సమీక్షలను నడిపించే ఒప్పందాలు కూడా వాటిలో ఉన్నాయి. మార్చిలో విద్యాశాఖ సిబ్బందిని దాదాపు సగానికి తగ్గించారు. పాత మార్గదర్శినులు చదువుకోవడానికి ఉన్నాయి. తరువాతివి ఎవరు రాస్తారో మాకు ఎవరూ చెప్పలేదు.

పాత_పలక
నిపుణుల మీద ఇన్ని మాటలన్న నేనే ఇది చదివి బాధపడ్డాను. తిట్టడానికైనా ఒక కాగితం ఉండాలి కదా.

సోషల్_మాస్టారు
మొదటి టపా పెట్టి మూడు వారాలైంది. ఈ లోపు చేసిన పని చెబుతాను. మధ్యాహ్న భోజనం తరువాత రోజుకు ఇద్దరి చొప్పున ఆ 12 మందినీ విడిగా పిలిచి, ఐదో తరగతి పుస్తకంలోని ఒక పేరాను నిమిషం పాటు ప్రకాశ పఠనం, అంటే పైకి చదవడం, చేయించాను. బి.ఇడి.లో ఆ మాట కంఠస్థం చేసినప్పుడు ఇలా పనికొస్తుందని అనుకోలేదు. ఆ తరువాత రెండు ప్రశ్నలు అడిగాను.

12 మందినీ ఒక్కటిగా చూడడమే నా పొరపాటు అని తేలింది. ఐదుగురు వత్తులున్న ప్రతి మాట దగ్గరా ఆగిపోతున్నారు. నలుగురు సరిగ్గానే చదువుతున్నారు గాని ఎంత నెమ్మదిగా అంటే వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతున్నారు. మిగతా ముగ్గురు విడిగా కూర్చోబెడితే చక్కగా చదివారు. వారికి తెలియనిది మాటల అర్థం. తరగతిలో నలభై మంది ముందు లేచి చదవమన్నప్పుడు నోరు పెగలక నేను వారిని చదవరాని వారి జాబితాలో వేశాను. నేను నాలుగు వారాలు నిష్ఠగా పాటించిన సూత్రం ఈ ముగ్గురికి పనికొచ్చేదే, మిగతా తొమ్మిది మందికి తొందరపాటు.

ఆస్టిన్_సుధ
నెమ్మదిగా చదివే నలుగురికీ ఒకే పేరాను రెండు మూడు సార్లు చదివించండి. ప్రతిసారీ వేరే పని ఇవ్వండి. మొదటిసారి చదవడానికే, రెండోసారి ఒక ప్రశ్నకు జవాబు వెతకడానికి, మూడోసారి పక్కవాడికి వినిపించడానికి. వేగం కోసం మాత్రమే గడియారం పెట్టి పరుగెత్తిస్తే వాన_చినుకు గారి అబ్బాయి తయారవుతాడు.

వాన_చినుకు
మా వాడి పేరు ఇప్పుడు ఒక వ్యాధి పేరుగా స్థిరపడేటట్టుంది.

పాత_పలక
ఆ ఐదుగురిని ఎప్పుడు కూర్చోబెడుతున్నారు? మా ఊరి బడిలో కూడా అలాంటివారు ఉంటారు. ఖాళీగా ఉన్న మనిషిని, మంగళవారం, శుక్రవారం సాయంత్రం వెళ్లి కూర్చోగలను. మరి ఐదో సిఫారసులో "శిక్షణ పొందిన నిపుణుడు" అని ఉందట, నాకు ఆ శిక్షణ ఎవరిస్తారు?

గుణింతం
వత్తుల క్రమం ఒకటి నా దగ్గర ఉంది. తరచుగా వచ్చేవి ముందు, అరుదైనవి వెనుక. పిల్లలు చిన్నబోకుండా, పెద్ద తరగతి పుస్తకంలోని మాటలతోనే తయారు చేశాను. మీ ఇద్దరికీ పంపిస్తాను. పనిచేయకపోతే ఏ మాట దగ్గర పిల్లలు ఆగారో రాసి పంపండి, నాకు అదే కావాలి.

సోషల్_మాస్టారు
పంపండి. సోమవారం భూగోళం పాఠం నుంచి "ద్వీపకల్పం" అన్న మాటతో మొదలుపెడదామనుకుంటున్నాను. ద్వీ, ప, క, ల్పం అని నాలుగు ముక్కలు చేసి పలికిస్తాను.

సంధి_సమాసం
అలా ముక్కలు చేయకండి మాస్టారూ. "ద్వీప" దగ్గర విరిచి, తరువాత "కల్పం" చెప్పించండి. ద్వీపం అంటే వాళ్లకు ముందే తెలుసు.